ముత్తాతలు ఎక్కడ పుట్టారు, ఎక్కడ పెళ్ళాడారు, ఎక్కడ పోయారు: ఎలా తెలుసుకోవాలి?

మీ ముత్తాత ఏ ఊళ్ళో పుట్టారని అడిగితే చాలామంది సొంతూరు పేరే చెప్పేస్తారు. తరచూ అది తప్పవుతుంది. తొలి కాన్పు పుట్టింట్లో చేయడం మన ఆనవాయితీ. ఆయన మొదటి బిడ్డ అయితే వాళ్ళమ్మ పుట్టింట్లోనే పుట్టి ఉంటారు. పెళ్ళి చాలా ఇళ్ళలో ఆడపెళ్ళివారి ఊళ్ళో, కొన్ని ఇళ్ళలో మగపెళ్ళివారి ఊళ్ళో జరిగేది. పోయింది సొంతూళ్ళోనో, కొడుకు ఉద్యోగం చేసే చోటో. అందుకే వెతుకులాట మగవాళ్ళ ఇంటిపేరుతో కాకుండా ఆడవాళ్ళ పుట్టిళ్ళతో మొదలుపెట్టండి. నా అనుభవంలో తలుపులు తెరుచుకున్నది అటువైపే.

1. ఎనిమిది పేర్లు రాయండి

నలుగురు ముత్తాతలు, నలుగురు ముత్తవ్వలు. ముత్తవ్వల పేర్ల పక్కన పుట్టింటి ఇంటిపేరు, ఊరు తప్పకుండా ఉండాలి. మీ అమ్మానాన్నలది మేనరికమైతే ఎనిమిది మంది ఆరుగురే కావచ్చు, కంగారు పడకండి. తాత పేరు మనవడికి పెట్టే అలవాటు వల్ల ఒకే పేరు రెండు తరాల్లో వస్తుంది. ప్రతి పేరు పక్కన తండ్రి పేరు కూడా రాసుకోండి.

2. పెద్దవాళ్ళను అడగండి

"ఏ సంవత్సరం?" అని అడిగితే "ఏమో నాయనా" అంటారు. "నానమ్మ పురిటికి ఏ ఊరు వెళ్ళేది?", "తాతయ్య మేనమామలది ఏ ఊరు?", "తద్దినం ఏ నెలలో పెట్టేవారు?" అని అడగండి. పోలీస్ యాక్షన్‌కి (హైదరాబాద్ సంస్థానాన్ని భారత్‌లో కలిపిన సైనిక చర్యకి) ముందా తర్వాతా అంటే తెలంగాణ పెద్దలు వెంటనే చెబుతారు, అది 1948. ఇంటి ఆడపడుచులను మాత్రం వదలొద్దు. ఎవరి పెళ్ళి ఎక్కడ జరిగిందో, ఎవరు ఎవరింట్లో కన్నుమూశారో వాళ్ళకే బాగా గుర్తుంటుంది. వాళ్ళు ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు చేయండి.

3. అటక మీద చూడండి

మా అమ్మమ్మ ఇంటి అటక మీద నల్లబడిన ఇత్తడి బిందె ఒకటి ఉండేది. చింతపండుతో తోమితే మెడ కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు బయటపడ్డాయి. మా ముత్తవ్వ పేరు, ఆమె తండ్రి పేరు, ఊరు, చివర "రక్తాక్షి" అని తెలుగు సంవత్సరం పేరు. అది పెళ్ళిలో పుట్టింటివారు పెట్టిన సామాను. మాలో ఎవరూ ఎప్పుడూ వినని ఊరది. ఆ మధ్యాహ్నం అందరం బిందె చుట్టూనే కూర్చుండిపోయాం.

పాత సామాను మీద పేర్లు, శుభలేఖలు, జాతకాలు, పెళ్ళి ఫోటోల వెనక రాతలు, బడి సర్టిఫికెట్లు అన్నీ చూసి ఫోటో తీసుకోండి.

4. తెలుగు సంవత్సరాన్ని తేదీగా మార్చండి

అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది. రక్తాక్షి 1924 ఉగాది నుంచి 1925 ఉగాది దాకా, మళ్ళీ 1984-85లో. ఏది సరిపోతుందో వయసులు లెక్కేస్తే తెలుస్తుంది. పోయిన తిథి తద్దినం వల్ల ఇంట్లో గుర్తుంటుంది, ఏడాదే గుర్తుండదు. ఏడాది దొరికితే ఆనాటి పంచాంగంతో తేదీ తేల్చవచ్చు. మద్రాసు రాష్ట్రపు రెవెన్యూ కాగితాల్లో ఫసలీ (పంటలు, శిస్తుల లెక్కకు వాడిన సంవత్సరం) ఉంటే 590 కలపండి: ఫసలీ 1330 అంటే 1920 జులై నుంచి 1921 జూన్ వరకు.

5. దస్తావేజులు చదవండి

ఆ తప్పిపోయిన ఏడాది ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది. ఒక క్రయ దస్తావేజులో ముత్తాత వేలిముద్ర ఉంటే ఆ రోజుకు ఆయన ఉన్నారు. తర్వాతి దాంట్లో కొడుకు పేరు ముందు "కీ.శే. ఫలానా వారి కుమారుడు" అని ఉంటే అప్పటికి పోయారు. రెండు తేదీల మధ్య ఆ తిథి ఎన్నిసార్లు వచ్చిందో, అన్నే అవకాశాలు. కూతురికి పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం కాగితం దొరికితే ఆమె పుట్టిల్లు, అత్తవారిల్లు రెండూ తెలిసినట్టే.

ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) 1983 నుంచే వస్తుంది. అంతకుముందువి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులోనే వెతికించాలి. సర్వే నంబరు లేకపోతే పేర్ల ఇండెక్స్‌లో చూడమనండి. తెలంగాణలో 1954-55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిదో రాసిన రికార్డు) మంచి ఆధారం. అంతకన్నా పాతవి ఉర్దూలో ఉంటే చదివేవాళ్ళను తోడు తీసుకెళ్ళండి.

6. రిజిస్టర్లు, ఇతర ఆధారాలు

జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో అంతకుముందూ రిజిస్టర్లు ఉండేవి కానీ అన్నీ మిగల్లేదు. పుట్టుక రిజిస్టర్లో బిడ్డ పేరు గడి చాలాసార్లు ఖాళీగా ఉంటుంది, తండ్రి పేరుతో వెతకాలి. క్రైస్తవ కుటుంబాలకు చర్చి బాప్తిస్మ, వివాహ, సమాధి రిజిస్టర్లు, ముస్లిం కుటుంబాలకు ఖాజీ దగ్గరి నిఖానామాలు ఉపయోగపడతాయి. గయలో పిండం పెట్టి వచ్చినవాళ్ళుంటే అక్కడి పండాల (తీర్థ పురోహితుల) బహీల్లో, అంటే యాత్రికుల వంశాల పుస్తకాల్లో, ఊరు, తండ్రి తాతల పేర్లు ఉండే అవకాశం ఉంది. ఫిజీకి కూలీలుగా వెళ్ళినవాళ్ళ ఎమిగ్రేషన్ పాసుల్లో తండ్రి పేరు, ఊరు, జిల్లా రాసేవారు.

7. ఆనాటి జిల్లా తెలుసుకోండి

ఊరు కదలదు గానీ జిల్లా మారుతుంది. గుంటూరు జిల్లా 1904లో, పశ్చిమ గోదావరి 1925లో, ప్రకాశం 1970లో ఏర్పడ్డాయి. 1985కు ముందు మండలాలు లేవు, తాలూకాలే. ఒంగోలు పక్క ఊరి 1930ల కాగితం గుంటూరు జిల్లా పేరుతో కనిపిస్తుంది. ఒకే పేరుతో నాలుగైదు ఊళ్ళుంటాయి కాబట్టి పాత తాలూకా తెలియకుండా బయల్దేరకండి.

8. ఊరు వెళ్ళండి

ఆఫీసుకు వెళ్ళేముందు రామాలయం అరుగు దగ్గర ఆగి ఇంటిపేరు చెప్పండి. ముత్తవ్వ ఫోటో ఉంటే చూపించండి. బిందె మీది ఊరికి మేం అలాగే వెళ్ళాం. ఒక పెద్దాయన ఫోటో కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసి, "మా నాన్న మేనత్త. ఆమె పుట్టిన గది అదిగో, ఇప్పుడు వడ్లు పోస్తున్నాం" అన్నారు.