ఓటరు కార్డు లేదా? పోలింగ్ కేంద్రానికి ఏం పట్టుకెళ్లాలి, అభ్యంతరం వస్తే ఏం చేయాలి

ఓటరు కార్డు చేతిలో ఉన్నంత మాత్రాన ఓటు ఉన్నట్టు కాదు. కార్డు లేనంత మాత్రాన ఓటు పోయినట్టూ కాదు. ఓటు వేయనిచ్చేది ఓటర్ల జాబితా. ఆ జాబితాలో ఉన్న మనిషి మీరేనని చూపడం వరకే కార్డు పని. పోలింగ్ రోజు జరిగే గొడవల్లో చాలా భాగం ఈ రెంటినీ కలిపేయడం వల్ల వచ్చేవే. కాబట్టి పని జాబితాతో మొదలుపెట్టాలి.

ముందు జాబితా

ఎన్నికల సంఘం ఓటర్ల పోర్టల్‌లో పేరు వెతకడానికి మూడు దారులున్నాయి: ఎపిక్ నంబరుతో (ఓటరు కార్డు మీద ఉండే నంబరు), వ్యక్తిగత వివరాలతో, మొబైల్ నంబరుతో. కార్డు ఉంటే ఎపిక్ నంబరుతోనే వెతకండి. పేరుతో వెతికితే మన పేర్లు దొరకడం కష్టం. శ్రీనివాస్ అన్నది జాబితాలో శ్రీనివాసరావు అయి ఉండొచ్చు, ఇంటిపేరు ముందుండొచ్చు, వెనకుండొచ్చు, అసలు లేకపోవచ్చు. ఒక స్పెల్లింగుతో దొరకలేదని ఓటు తీసేశారని అనుకోకండి. ఇంట్లో మరొకరి ఎపిక్ నంబరుతో వెతికి, ఆ పార్టు నంబరు (జాబితాలో ఒక్కో పోలింగ్ కేంద్రానికి ఉండే భాగం సంఖ్య) పట్టుకుని, ఆ పార్టు పీడీఎఫ్ దించుకుని ఇంటి నంబరు దగ్గర చూడండి. చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

పాత కార్డుల మీద 'ఏపీ' అని మొదలై గీతలు గీతలుగా సాగే పొడవాటి నంబరు ఉంటుంది. ఇప్పటి నంబరు మూడు అక్షరాలు, ఏడు అంకెలు. పాతది కొట్టి ఫలితం రాకపోతే వివరాలతో వెతికి కొత్త నంబరు రాసుకోండి. ఉమ్మడి రాష్ట్రంలో ఇచ్చిన కార్డు తెలంగాణలో చెల్లదన్న మాట నిజం కాదు. వేరే నియోజకవర్గం అధికారి ఇచ్చిన కార్డయినా, మీరు వెళ్లిన కేంద్రం జాబితాలో మీ పేరుంటే చెల్లుతుంది.

పేరు దొరికాక మూడు సంగతులు రాసుకోండి: అసెంబ్లీ నియోజకవర్గం, పార్టు నంబరు, పార్టులో వరుస సంఖ్య. ఒకే బడిలో నాలుగైదు పోలింగ్ కేంద్రాలు ఉంటాయి. పార్టు నంబరు తెలియకుండా వెళ్తే గంటసేపు తప్పు వరుసలో నిలబడాల్సి రావచ్చు. గత ఎన్నికల స్లిప్పు మీద ఉన్న వరుస సంఖ్యను నమ్మొద్దు, జాబితా సవరించినప్పుడు అది మారొచ్చు. ఫోనులోనే పని కావాలంటే 1950 నంబరు ఉంది.

పేరు లేకపోతే కొత్తగా చేరడానికి ఫారం 6. ఇల్లు మారినా, పేరులో తప్పున్నా, కార్డు పోయినా ఫారం 8. ఎన్నికల ప్రకటన వచ్చాక కూడా దరఖాస్తు చేయొచ్చుగానీ, నామినేషన్ల చివరి రోజు దాటితే ఆ ఎన్నికకు జాబితా మూతపడుతుంది. దరఖాస్తు మీద అభ్యంతరాలకు వారం గడువు ఇవ్వాలి కాబట్టి, నామినేషన్ల చివరి రోజుకు పది రోజుల ముందే ఇచ్చేయాలి. ఊళ్లో ఒక ఓటు, హైదరాబాద్‌లో ఒక ఓటు ఉంచుకోవడం మనవాళ్లకు మామూలే. అది చట్టరీత్యా కుదరదు. ఫారం 8తో మారిస్తే పాత ఎపిక్ నంబరు అలాగే ఉంటుంది, పాత చోట పేరు తీసేస్తారు. ఫారం 6 మళ్లీ నింపితేనే రెండు ఓట్ల చిక్కు.

కార్డు బదులు ఏవి చెల్లుతాయి

లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికలకు ఎన్నికల సంఘం ప్రతిసారీ ఉత్తర్వు ఇస్తుంది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఓటరు కార్డు కాకుండా 12 పత్రాలను ఒప్పుకున్నారు: ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాసుపుస్తకం, కార్మిక శాఖ పథకం కింద ఇచ్చిన ఆరోగ్య బీమా స్మార్ట్ కార్డు, డ్రైవింగ్ లైసెన్స్, పాన్ కార్డు, జాతీయ జనాభా రిజిస్టర్ కింద ఇచ్చిన స్మార్ట్ కార్డు, పాస్‌పోర్టు, ఫొటో ఉన్న పింఛను పత్రం, ప్రభుత్వ, ప్రభుత్వ రంగ, పబ్లిక్ లిమిటెడ్ సంస్థల ఉద్యోగి గుర్తింపు కార్డు, ఎంపీ, ఎమ్మెల్యే, ఎమ్మెల్సీల గుర్తింపు కార్డు, దివ్యాంగుల యూడీఐడీ కార్డు.

తేడా కొట్టేది ఈ జాబితా అంచుల్లోనే. మాదాపూర్‌లో మెడలో వేలాడే కార్డుల్లో చాలావాటి మీద 'ప్రైవేట్ లిమిటెడ్' అని ఉంటుంది, అవి చెల్లవు. కాలేజీ కార్డు లేదు. రేషన్ కార్డు లేదు, ఆరోగ్యశ్రీ కార్డు లేదు, పట్టాదారు పాసుపుస్తకమూ లేదు. రేషన్ కార్డు చెల్లుతుందని జనం గట్టిగా నమ్మడానికి కారణం ఉంది. పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలు జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం, అది ఒప్పుకునే పత్రాల జాబితా వేరు. అందులో రేషన్ కార్డుకు చోటు దొరికిన సందర్భాలున్నాయి. అక్కడ పనికొచ్చింది ఇక్కడా పనికొస్తుందనుకుని వృద్ధులు మండుటెండలో నడిచివచ్చి తిరిగి వెళ్తారు. బ్యాంకు పాసుపుస్తకం విషయంలోనూ చూసుకోండి, ఫొటో అంటించని పుస్తకానికి ఇక్కడ విలువ లేదు.

ఇంటికి వచ్చే ఓటరు సమాచార స్లిప్పు గుర్తింపు పత్రం కాదు. ఒకప్పుడు ఫొటోతో వచ్చే స్లిప్పునే చూపించి ఓటేసేవారు. 2019 లోక్‌సభ ఎన్నికల ముందు ఆ వెసులుబాటు తీసేశారు. స్లిప్పు వరుస సంఖ్య చెప్పడానికే.

ఫోనులోని కాపీని నమ్ముకోకండి. కేంద్రం లోపలికి ఫోను తీసుకెళ్లనివ్వరు, ఇప్పుడు గేటు దగ్గరే స్విచాఫ్ చేసి అప్పగించే ఏర్పాటు చేస్తున్నారు. డిజిలాకర్‌లో అన్నీ ఉన్నాయన్న ధీమా అక్కడితో సరి. పోర్టల్ నుంచి దించుకునే ఈ-ఎపిక్‌ను ప్రింటు తీసుకుని వెళ్తే చెల్లుతుంది. మిగతావి అసలు పత్రాలే పట్టుకెళ్లండి.

కేంద్రం లోపల

మొదటి పోలింగ్ అధికారి దగ్గర జాబితా ఉంటుంది. మీ పత్రం చూసి పేరు, వరుస సంఖ్య పైకి చదువుతారు. పార్టీల ఏజెంట్లు వినడానికే ఆ చదవడం. రెండో అధికారి ఎడమ చూపుడు వేలికి సిరా పెట్టి, ఓటర్ల వివరాలు రాసే 17ఏ రిజిస్టరులో సంతకం తీసుకుంటారు. ఓటరు కార్డు చూపిస్తే అందులో 'ఈపీ' అని, వేరే పత్రమైతే దాని నంబరులో చివరి నాలుగు అంకెలు రాస్తారు. ఆ అంకెలు రాస్తుంటే కంగారు పడక్కర్లేదు.

కార్డులో పేరు స్పెల్లింగు, వయసు కొద్దిగా అటూ ఇటూ ఉన్నా, మనిషి ఎవరో తేలితే వాటిని పట్టించుకోవద్దని అధికారులకు ఆదేశం ఉంది. ఫొటో తారుమారైతే మాత్రం పన్నెండింటిలో మరొకటి చూపాలి. అందుకే రెండు పత్రాలు జేబులో ఉంచుకోవడం మంచిది. బురఖా, ముసుగు వేసుకున్న మహిళలు తమను మహిళా అధికారి చాటుగా పోల్చుకునే ఏర్పాటు అడగొచ్చు.

అభ్యంతరం వచ్చినప్పుడు

మూడు రకాలుగా వస్తుంది, మూడింటికీ దారి వేరు.

ఒకటి, మీ పేరు 'ఏఎస్‌డీ' జాబితాలో ఉండటం. ఇంట్లో లేనివారు, మారిపోయినవారు, చనిపోయినవారు అని బీఎల్వోలు (బూత్ స్థాయి అధికారులు) గుర్తించిన పేర్లవి. ఇంటికి తాళం ఉన్నప్పుడు వచ్చి వెళ్లినా ఇందులోకి ఎక్కే అవకాశం ఉంది. ఓటు పోలేదు. కేంద్రం బాధ్యత చూసే ప్రిసైడింగ్ అధికారి స్వయంగా మీ పత్రం చూస్తారు, సంతకంతో పాటు వేలిముద్ర తీసుకుంటారు, అంతే.

రెండోది ఛాలెంజ్ ఓటు. ఈ మనిషి ఆ మనిషి కాదని ఏజెంటు అభ్యంతరం చెప్పాలంటే 2 రూపాయలు కట్టాలి. రుజువు చూపాల్సిన భారం ముందు ఏజెంటుదే. చూపలేకపోతే మీరు ఓటేస్తారు. దొంగ ఓటని తేలితే పోలీసులకు అప్పగిస్తారు, ఏడాది వరకు జైలు పడొచ్చు.

మూడోది, మీరు వెళ్లేసరికే మీ పేరు మీద ఎవరో ఓటేసి ఉండటం. గొడవపడి వెనక్కి రాకండి, టెండర్డ్ ఓటు అడగండి. ప్రిసైడింగ్ అధికారి ప్రశ్నలకు సరైన జవాబిస్తే, ఫారం 17బీలో సంతకం తీసుకుని కాగితపు బ్యాలట్ ఇస్తారు. యంత్రం నొక్కనివ్వరు. ముద్ర వేసి మడిచి ఇస్తే విడిగా కవరులో పెడతారు. లెక్కింపు రోజు దాన్ని లెక్కపెట్టరు. ఫలితం కోర్టుకెక్కినప్పుడే దానికి విలువ. 2008లో రాజస్థాన్‌లోని నాథద్వారా ఫలితం ఒక్క ఓటుతో తేలినప్పుడు ఇలాంటి ఓట్ల వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

ప్రతి ఎన్నికల ముందూ ఒక వాట్సాప్ సందేశం తిరుగుతుంది. జాబితాలో పేరు లేకపోయినా ఆధార్ చూపించి 'ఛాలెంజ్ ఓటు' వేయొచ్చని, టెండర్డ్ ఓట్లు 14 శాతం దాటితే రీపోలింగ్ పెడతారని. రెండూ అబద్ధాలే. పేరు లేనివాళ్లకు ఆ రోజు ఏ పత్రంతోనూ దారి లేదు.

విదేశాల్లో ఉన్నవారు

భారత పౌరసత్వం ఉండి అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటున్నవారు ఫారం 6ఏతో సొంతూరి జాబితాలో చేరొచ్చు. వారికి ఓటరు కార్డు ఇవ్వరు. పైన చెప్పిన 12 పత్రాలూ వారికి వర్తించవు, అసలు పాస్‌పోర్టు ఒక్కటే చెల్లుతుంది. ఆధార్ పట్టుకుని, పాస్‌పోర్టు ఇంట్లో పెట్టి వస్తే పని జరగదు.

వాదన ఇప్పుడెక్కడుంది

ఓటరు కార్డులు 1993లో ప్రధాన ఎన్నికల కమిషనర్ టి.ఎన్. శేషన్ హయాంలో మొదలయ్యాయి. కార్డులివ్వకపోతే ఎన్నికలే జరపనని ఆయన పట్టుబట్టినప్పుడు, ఖర్చు ఎవరిదని రాష్ట్రాలు ఎదురుతిరిగాయి. 2000లో హర్యానా అసెంబ్లీ ఎన్నికల నుంచి పోలింగ్ కేంద్రంలో గుర్తింపు చూపడం తప్పనిసరి చేస్తూ వచ్చారు. బదులు పత్రాల జాబితా పెద్దదిగా ఉండటం వల్ల పోలింగ్ కేంద్రం దగ్గర ఆ వేడి చాలావరకు చల్లారింది. ఇది మంచి ఏర్పాటేనని మా అభిప్రాయం.

వాదన ఇప్పుడు జాబితా మీదికి మారింది. 2021 ఎన్నికల చట్ట సవరణతో ఆధార్ వివరాలు ఫారం 6బీలో అడగడం మొదలైంది. తెలంగాణకు చెందిన జి. నిరంజన్ వేసిన పిటిషన్‌లో, ఆధార్ నంబరు ఇవ్వడం తప్పనిసరి కాదని ఎన్నికల సంఘం 2023లో సుప్రీంకోర్టుకు చెప్పింది. 2025లో బిహార్ ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణలో, జాబితాలో ఉండటానికి చూపే 11 పత్రాల్లో మొదట ఆధార్ లేదు, ఓటరు కార్డూ లేదు. సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పాక ఆధార్ పన్నెండోదిగా చేరింది, అదీ గుర్తింపుకే, పౌరసత్వానికి కాదు. అంటే పోలింగ్ కేంద్రంలో చెల్లే పత్రం, జాబితాలో నిలవడానికి అడిగే పత్రం ఒకటే కానక్కర్లేదు. జాబితా సవరణ నోటీసు వస్తే ఈ వ్యాసంలోని 12 పత్రాలు చూసి భరోసా పడకుండా, ఆ నోటీసుతో వచ్చిన జాబితానే చదివి, పుట్టిన తేదీ ధ్రువపత్రం, పదో తరగతి సర్టిఫికెట్, పాస్‌పోర్టుల్లో ఏది ఉందో చూసుకోండి. బీఎల్వోకు కాపీ ఇచ్చి, రసీదు తీసుకోండి.