పెరట్లో ఇంటికి సరిపడా కూరగాయలు: విత్తనం కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

పెరటి తోట అనగానే చాలామంది మొదట విత్తనాలు కొనేస్తారు. నేనూ అలాగే చేశాను. మొదటి ఏడాది ఒకేరోజు 40 టమాటా మొక్కలు నాటాను. కాపు అంతా దాదాపు ఒకేసారి మీదపడింది. ఎంత పంచిపెట్టినా బుట్టల్లో మిగిలినవి మెత్తబడిపోయాయి. కాపు అయిపోయాక మళ్లీ కొనుక్కోవడమే. అందుకే తోట ప్లాను వంటింట్లోనే మొదలవ్వాలని ఇప్పుడు గట్టిగా చెబుతున్నాను.

ముందుగా వంటింటి గోడకు ఒక కాగితం అంటించి, రెండు వారాల పాటు ఏ కూరగాయ ఎన్ని గ్రాములు వాడారో రాయండి. చివర్లో చూస్తే మళ్లీ మళ్లీ కనిపించేవి కొన్నే ఉంటాయి. మీ తోట వాటిదే. ఎంత బాగా కాసినా సరే, ఇంట్లో ఎవరూ ఇష్టంగా తినని కూరకు మడిలో చోటివ్వకండి. బంగాళాదుంప, ఉల్లి నెలల తరబడి చోటు పట్టేస్తాయి. అవి నిల్వ ఉండే సరుకు, కొనుక్కున్నా నష్టం లేదు. ఆకుకూరలు, టమాటా, మిర్చి, బీన్స్ మాత్రం అప్పుడే కోసి వండితే ఆ రుచే వేరు. చిన్న పెరడు ధాన్యం, పప్పులతో సహా ఇంటి తిండంతా ఇవ్వలేదు. కూరగాయల వరకు ఆశ పెట్టుకోండి, అది తీరే ఆశే.

తర్వాత ఎండ చూడాలి. ఒక రోజంతా ఉదయం 8కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 4కి పెరట్లో నీడ ఎక్కడ పడుతుందో పటం గీసి గుర్తు పెట్టండి. కాయలు కాసే మొక్కలకు రోజుకు కనీసం 6 గంటల ఎండ కావాలి. ఆకుకూరలు 4 గంటలతోనూ నెట్టుకొస్తాయి. పందిరి ఎక్కే తీగల నీడ చిన్న మొక్కల మీద పడని వైపున పాదు పెట్టండి.

మడి వెడల్పు 4 అడుగులు దాటనివ్వకండి. రెండు వైపుల నుంచీ చెయ్యి మధ్యకు అందాలి. మడిలో కాలు పెడితే మట్టి అణిగిపోతుంది, వేళ్లకు గాలి అందదు. మడుల మధ్య అడుగున్నర దారి చాలు. మొదటి ఏడాది 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవుతో మూడు మడులు చాలు. ఇంకా చోటుందని తొందరపడొద్దు, ఎందుకంటే అసలు పని నీళ్ల దగ్గర ఉంటుంది. వాన లేని వారంలో చదరపు మీటరుకు సుమారు 25 లీటర్లు లెక్క వేసుకోండి. మూడు మడులూ కలిపి 9 చదరపు మీటర్లు, అంటే వారానికి 225 లీటర్లు. బాగా ఎండగా ఉంటే ఇంకా ఎక్కువే. అన్ని నీళ్లు మోయగలరా, పైపు అక్కడిదాకా వస్తుందా అన్నది ఇప్పుడే చూసుకోవాలి.

ఇక మొక్కల సంఖ్య. వారానికి 2 కిలోల టమాటా వాడతారనుకుందాం. కాపు ఏడు వారాలుంటే 14 కిలోలు కావాలి. జాతిని, నేలను బట్టి దిగుబడి మారుతుంది కాబట్టి మొక్కకు 2 కిలోలే అనుకుని లెక్క కట్టండి. ఏడు మొక్కలు. ఒకటి చచ్చినా ఇబ్బంది లేకుండా ఎనిమిది. ఆ ఎనిమిదీ ఒకేసారి కాకుండా నాలుగు ఇప్పుడు, నాలుగు మూడు వారాల తర్వాత నాటండి. విత్తనం వేసిన దగ్గర్నుంచి టమాటా పండటానికి సుమారు మూడు, నాలుగు నెలలు పడుతుంది కాబట్టి, కావాల్సిన నెల నుంచి వెనక్కి లెక్కపెట్టి నారు పోయండి. పాలకూర, ముల్లంగి లాంటివైతే రెండు వారాలకోసారి ఒక్కో వరుస చల్లుకుంటూ పోవాలి. పాకెట్‌లో విత్తనాలన్నీ ఒకేరోజు చల్లేయాలనిపిస్తుంది. చెయ్యి ఆపుకోండి.

మట్టి విషయంలో ఒక చిన్న పరీక్ష. తడి మట్టిని గుప్పిట్లో పిసికి వేలితో పొడవండి. పొడిపొడిగా విడిపోతే సంతోషం. ముద్దలా అంటుకుని ఉంటే బంకమట్టి ఎక్కువని అర్థం. అసలు ఉండే కట్టకపోతే ఇసుక ఎక్కువ. రెండింటికీ మందు ఒకటే: రెండు అంగుళాల మందాన బాగా మాగిన కంపోస్టు వేసి పై మట్టిలో కలపడం. నాటాక మొక్క మొదలుకు తగలకుండా ఎండుటాకులు పరిచేయండి, తడి నిలుస్తుంది.

టమాటా, వంగ, మిర్చి, బంగాళాదుంప ఒకే కుటుంబం. వాటికి పట్టే తెగుళ్లు చాలావరకు ఒకటే, వాటిలో కొన్ని మట్టిలోనే కాచుకుని ఉంటాయి. అందుకే ఆ మడిలో వచ్చే ఏడాది బీన్స్, ఆపై ఏడాది ఆకుకూరలు వేయండి. ఏ మడిలో ఏం నాటారో, ఏ తేదీన నాటారో ఆ నీడల పటం మీదే రాసి దాచండి. ఏడాది తిరిగేసరికి ఇవేవీ గుర్తుండవు.