అత్త మీద కోపం దుత్త మీద పడే చోట ఉద్యోగం చేయడం ఎలా?

చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలలో డిస్పాచ్ పని చూసినవారికి సాయంత్రం 5 గంటలు దాటాక ఆఫీసు గది ఎలా ఉంటుందో తెలుసు. బయట లారీ లోడయి నిలబడి ఉంటుంది, పర్మిట్ కాగితం ఇంకా చేతికి రాదు, డ్రైవరు గుమ్మంలోనుంచి కదలడు, ఒంగోలులో ఉన్న యజమాని ఫోను మీద ఫోను చేస్తుంటారు. ఆ వేడి అంతా తిరిగి తిరిగి చివరికి బిల్లులు రాసే గుమాస్తా నెత్తికెక్కుతుంది. అలాంటి ఒక గదిలో నేను తొమ్మిదేళ్లు లెక్కలు రాశాను. మా సూపర్వైజరు గారు అరిచిన అరుపులలో సగానికి పైగా అసలు నాకు సంబంధించినవే కావని తెలుసుకోవడానికి అందులో మూడేళ్లు పోయాయి. అత్త మీద కోపం దుత్త మీద చూపడమని మన పెద్దలు అన్నారు గానీ, దుత్త ఏం చేయాలో వారు చెప్పలేదు. ఈ వ్యాసం దుత్తల కోసం.

ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అనే మాట ఇప్పుడు ప్రతి ఇంటర్వ్యూలోనూ వినిపిస్తున్నది; తెలుగులో భావోద్వేగ ప్రజ్ఞ అంటున్నాం. పీటర్ సాలొవే, జాన్ మేయర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 1990లో దీనికి ఇచ్చిన నిర్వచనం ప్రకారం, తనలోనూ ఎదుటివారిలోనూ కలిగే భావోద్వేగాలను గమనించి, వాటి తేడాలను గుర్తుపట్టి, అలా తెలిసినదాన్ని తన ఆలోచనకూ నడవడికకూ ఉపయోగించుకోవడమే ఈ ప్రజ్ఞ. ఇందులో ఎక్కడా ఓర్చుకోవాలనీ, నవ్వుతూ భరించాలనీ లేదు. మెతకగా ఉండమని చెప్పే సలహాలకు ఈ పేరు తగిలించడం నాకు నచ్చదు.

పని మీ దగ్గరే మొదలు పెట్టండి. ఎవరైనా మీ మీద విరుచుకుపడినప్పుడు, జవాబు చెప్పే ముందు మీకు కలిగినది ఏమిటో మనసులో ఒక్క మాటలో పేరు పెట్టుకోండి. మనస్తత్వ శాస్త్రవేత్త మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో ప్రచురించిన మెదడు స్కానింగు పరిశోధనలో, ఫొటోలలోని ముఖాలలో కనిపించే భావానికి పేరు పెట్టినప్పుడు, చూసేవారి మెదడులో భయానికీ అలజడికీ స్పందించే అమిగ్డాలా అనే భాగంలో చురుకుదనం తగ్గినట్లు కనిపించింది. అయితే ఆ పేరు సరైనదై ఉండాలి. మాకు కలిగే ప్రతిదానినీ కోపమనే అనేయడం మా జిల్లాలో అలవాటు. లారీ డ్రైవర్ల ముందు సూపర్వైజరు గారు నన్ను తిట్టిన ప్రతిసారీ నాకు కోపం వస్తున్నదనే చాలాకాలం అనుకున్నాను. ఒకరోజు నిదానంగా చూసుకుంటే అది కోపం కాదు, పరాయివాళ్ల ముందు తలవంపు. ఈ తేడా తెలియగానే నేను ఆయనను అడగవలసినది కూడా మారిపోయింది: అరవవద్దని అడగడం మానేసి, నలుగురిలో అనవద్దని అడిగాను. మొదటిది ఆయన స్వభావాన్ని మార్చుకోమనడం, రెండవది కేవలం చోటు మార్చమనడం. రెండవది ఎవరైనా చేయగలరు.

పళ్లు బిగబట్టి అణచుకోవడాన్ని మాత్రం ఉపాయంగా నమ్ముకోకండి. భావాన్ని ముఖం మీద కనబడనీయకుండా అణచివేసేవారికి లోపలి బాధ తగ్గకపోగా, ఆ సమయంలో విన్న మాటలు కూడా సరిగా గుర్తుండవని మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ గ్రాస్, ఆయన సహచరుల ప్రయోగాలలో తేలింది. ఆఫీసులో దీని నష్టం వెంటనే తెలుస్తుంది. ఏ బిల్లు సరిదిద్దమన్నారో మరిచిపోయి మళ్లీ వెళ్లి అడిగితే అది గోరుచుట్టు మీద రోకలి పోటు. కాబట్టి చేతిలో కాగితం, కలం ఉంచుకుని, ఎదుటివారు చెప్పేదానిలో పనికి సంబంధించిన మాటలను మాత్రం రాసుకోండి. చేయి కదులుతుంటే నోరు తొందరపడదు, రాసుకునేవాడి మీద ఎక్కువసేపు అరవడమూ కష్టమే.

తరువాత ఎదుటి మనిషిని చదవాలి. ఇతరుల ప్రవర్తనకు వారి గుణాన్నే కారణంగా చూపి, వారున్న పరిస్థితిని తక్కువగా లెక్కకట్టే పొరపాటు మనుషులందరిలోనూ ఉంది. 1977లో లీ రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దానికి మౌలిక ఆపాదన దోషమని అర్థం వచ్చే పేరు పెట్టాడు. మనం ఆలస్యంగా వస్తే బస్సు రాలేదంటాం, అతను ఆలస్యంగా వస్తే బద్ధకస్తుడంటాం. దీనికి విరుగుడుగా రెండు వారాలపాటు ఒక చిన్న పుస్తకంలో ఆ మనిషి చిరాకుపడిన రోజు, వేళ, దానికి ముందు జరిగినది రాసి చూడండి. నా పుస్తకంలో ఎక్కువ గొడవలు సాయంత్రం నాలుగుకూ ఆరుకూ మధ్యే, అదీ పోర్టుకు సరుకు వెళ్లే రోజులలోనే వచ్చాయి. కాటా చీటీలు మూడు గంటలకే ఆయన బల్ల మీద పెట్టడం మొదలు పెట్టాను. అరుపులు ఆగిపోలేదు గానీ, వారానికి ఒకటికి దిగాయి.

కౌంటరు ఉద్యోగాలలో ఉన్నవారికి ఇది మరీ అవసరం. పొగాకు వేలం కేంద్రంలో మూడు బేళ్లు కొనేవారు లేక వెనక్కి వచ్చిన రైతు, ధరతో ఏ సంబంధమూ లేని ఉద్యోగి మీద కేకలు వేస్తాడు. బ్యారన్ (పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే గది) కౌలు, కట్టెల ఖర్చు, అప్పు మీద వడ్డీ అన్నీ ఆ బేళ్ల మీదే ఆధారపడి ఉంటాయి. అక్కడ నిబంధన చదవడం వల్ల మంట పెరుగుతుంది. “మూడు బేళ్లు వెనక్కి రావడమంటే కష్టమే పెద్దాయనా, ఏ కారణం రాశారో ముందు చూద్దాం” అన్న మాట ముందు రావాలి, నిబంధన ఆ తరువాత.

మాట్లాడవలసి వచ్చినప్పుడు వేళ చూసుకోండి. రోహిణి కార్తె ఎండలో, మధ్యాహ్నం రెండింటికి, భోజనం చేయని మనిషితో ఏ సంగతీ తేలదు. జరిగినది, దానివల్ల పనికి కలిగిన నష్టం, మీరు కోరేది, ఈ మూడే చెప్పండి. గుణాల జోలికి పోకండి. నేను చెప్పినది ఇంతే: “సార్, నిన్న డ్రైవర్ల ముందు నన్ను దద్దమ్మ అన్నారు. రేపటి నుంచి నేనిచ్చే చీటీని వాళ్లు లెక్కచేయరు. తప్పుంటే లోపలికి పిలిచి చెప్పండి, దిద్దుకుంటాను.” ఆయన ఆరోజు ఏమీ అనలేదు. నాలుగు రోజుల తరువాత లోపలికి పిలిచి అరిచారు. దాన్ని నేను విజయంగానే లెక్కించాను.

మన ఆఫీసులలో చిక్కు పిలుపులలో కూడా ఉంటుంది. నెల్లూరులో ఎవరైనా అన్నే, అక్కే, బాబాయే. పని సాగించుకోవడానికి ఈ వరసలు ఎంత ఉపయోగమో, పని ఎగ్గొట్టడానికీ అంతే ఉపయోగం. “అట్టాగే నా, రేపు చేస్తాలే” అని తీయగా చెప్పి నెలలు గడిపే సహోద్యోగితో వేగడం, అరిచేవాడితో వేగడం కన్నా కష్టమని నా అభిప్రాయం. గట్టిగా అడిగితే అన్నదమ్ముల మధ్య లెక్కలేమిటని మనమే దోషులమవుతాం. ఇలాంటివారిలో చాలామందికి చేతకాదని ఒప్పుకోవడానికి మొహమాటం. వరస వదలకుండానే “ఇందులో నీకు ఎక్కడ అడ్డం పడతా ఉంది అబ్బయ్యా?” అని అడిగి, దొరికిన జవాబును బట్టి ఒక తేదీ అనుకుని, దాన్ని అదే రోజు వాట్సాప్‌లో ఒక వాక్యంగా పంపించండి. మాట వరసతోనూ, కాగితం తేదీతోనూ నడవాలి. ఇంకొక హెచ్చరిక: “మీరు” అని పిలిచే మనిషిని కోపంలో “నువ్వు” అన్నారంటే, ఆ తరువాత మీరు చెప్పిన న్యాయమంతా వృథా, అందరికీ ఆ ఒక్క మాటే గుర్తుంటుంది. చాడీలు మోసేవారి విషయంలో ఇంత శ్రమ అక్కరలేదు. “ఆ మాట ఆయన ముందే అనుకుందాం” అంటే సరిపోతుంది.

పైన చెప్పినవన్నీ చిరాకు మనుషులకు వర్తించేవి. లైంగిక వేధింపునూ, కులం పేరుతో దూషణనూ ఈ ఉపాయాలతో సర్దుకోవద్దు. 10 మందీ అంతకు మించీ పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి, ఘటన జరిగిన 3 నెలలలోగా మహిళా ఉద్యోగి దానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. అంతకన్నా చిన్న చోట్ల వారికి జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. షెడ్యూల్డు కులాల, తెగల వారిని నలుగురి ఎదుట కులం పేరుతో అవమానించడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం కిందికి వస్తుంది. మామూలు గొడవే అయినా, నేరుగా రెండు మూడు సార్లు చెప్పి చూశాక ఫలితం లేకపోతే యజమాని దగ్గరికి వెళ్లండి, వెళ్లేటప్పుడు ఆ చిన్న పుస్తకం వెంట తీసుకుపోండి. అందులో అహంకారి, దుర్మార్గుడు వంటి మాటలు ఉంటే ముందే కొట్టివేయండి. తేదీ, వేళ, అన్న మాట, విన్నవారి పేర్లు మిగిలితే చాలు.