ఒంటి రక్షణ సామాన్ల పరీక్ష – 3వ పాఠం: లైన్‌మన్ రబ్బరు గ్లౌజులు

మొదటి రెండు పాఠాల్లో హెల్మెట్, బూట్లు చూశాం. వాటికి దెబ్బ తగిలితే చాలావరకు కంటికే కనబడుతుంది. రబ్బరు గ్లౌజు అట్లా కాదు. సూది మొనంత రంధ్రం పడ్డా పైకి కొత్తదానిలాగే ఉంటుంది, కరెంటుకు మాత్రం ఆ దారి చాలు. అందుకే ఈ పాఠం కొంచెం నిదానంగా చదవండి.

ఎండాకాలం వరంగల్ పల్లెల్లో గాలిదుమారం లేచిందంటే జంపర్లు, అంటే స్తంభం మీద తీగల్ని కలిపే చిన్న తీగ ముక్కలు, తెగుతాయి. "మోటర్ నడుస్తలేదు, జల్ది రా అన్నా" అని ఫోన్ల మీద ఫోన్లు. ఆ టెన్షన్‌లో గ్లౌజుల దిక్కు చూసేదెవరు? నిజానికి ఈ పరీక్షకు రెండు మూడు నిమిషాలు చాలు.

ముందు గ్లౌజు అంచు దగ్గరున్న ముద్ర చదవండి. ఎర్ర లేబుల్ అంటే క్లాస్ 0, 1,000 వోల్టుల వరకు. 415 వోల్టుల ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) లైనుకు సరిపోతుంది. 11 కేవీకి, అంటే 11,000 వోల్టుల లైనుకు, పసుపు లేబుల్ ఉన్న క్లాస్ 2 కావాలి, దాని హద్దు 17,000 వోల్టులు. మధ్యలో తెల్ల లేబుల్‌తో క్లాస్ 1 ఉంటుంది. మందంగానే ఉంది కదా అని దాన్ని 11 కేవీకి వాడొద్దు, దాని హద్దు 7,500 వోల్టులే. ల్యాబ్ టెస్ట్ తేదీ కూడా చూడండి. ఆరు నెలలు దాటితే ఆ జత పక్కనపెట్టాల్సిందే.

ఇప్పుడు రబ్బరు చిరగకుండా దానిపైన తొడిగే తోలు గ్లౌజు తీసి, దాని లోపల వేళ్లు పెట్టి తడమండి. బైండింగ్ వైరు ముక్కో, ఇనుప రజనో అందులో ఇరుక్కుంటే రబ్బరును లోలోపలే పొడుస్తూ ఉంటుంది. క్లాస్ 2 అయితే తోలు గ్లౌజు అంచు రబ్బరు అంచుకన్నా కనీసం రెండంగుళాలు వేళ్ల వైపుకు ఉండాలి.

రబ్బరును పగటి వెలుతురులో చూడండి. ఎక్కువగా పాడయ్యేది వేళ్ల సందుల్లో, మడతపడ్డ చోట. అక్కడ రెండు బొటనవేళ్లతో మెల్లగా సాగదీస్తే వెంట్రుకల్లాంటి పగుళ్లు బయటపడతాయి. మామూలుగా పట్టుకుంటే అవి కనబడవు. ఉబ్బి మెత్తబడితే ఆయిలో గ్రీజో తగిలిందని అర్థం. గట్టిపడి పెళుసెక్కితే అది ఎండ పని.

తర్వాత గాలి పరీక్ష. అంచును రెండు చేతులతో సాగదీసి మూసి, వేళ్ల వైపు గట్టిగా చుట్టండి. లోపలి గాలికి వేళ్లు ఉబ్బుతాయి. ఒక్కో వేలును నొక్కుతూ చెంపకు, చెవికి దగ్గర పెట్టుకోండి. సైకిల్ ట్యూబు పంచరు వెతికినట్టే, కాకపోతే ఇక్కడ నీళ్ల తొట్టి బదులు మీ చెంప. సన్నగా గాలి తగిలినా, బుస్సుమన్నా అది పనికిరాదు. లోపలి వైపు బయటికి తిప్పి మళ్లీ చేయండి. నోటితో ఊదొద్దు, లోపల తడి చేరుతుంది. అసలు సైజుకు ఒకటిన్నర రెట్లకు మించి ఉబ్బించొద్దు.

రంధ్రం దొరికితే పంచరు సొల్యూషన్ ఆలోచనే వద్దు. స్టోర్‌కు వాపసు ఇచ్చేది కాకపోతే వేళ్లు కత్తిరించి పడేయండి. లేకుంటే ఇంకెవరో కొత్త హెల్పర్ తొడుక్కుంటాడు.

నేను చెప్పేదొకటే: గ్లౌజును పాడుచేసేది కరెంటుకన్నా ఎక్కువగా బండి డిక్కీయే. రామగుండంలో 45 డిగ్రీల ఎండలో, కటింగ్ ప్లేయర్ కింద, నాలుగు మడతలు పెట్టి ఉంచితే ఏ రబ్బరైనా ఎన్నాళ్లు ఆగుతుంది? మడవకుండా విడిగా ఒక సంచిలో పెట్టండి. మురికైతే మామూలు సబ్బునీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, పౌడరు చల్లండి.

ఇంకో మాట. గ్లౌజు పరీక్షలో నెగ్గిందని లైను పట్టుకోమని కాదు. ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపి పని చేసుకునే అనుమతి) తీసుకోవడం, లైనును విడదీసే ఏబీ స్విచ్ తెరవడం, లైను చచ్చిందో లేదో చూసి మిగిలిన కరెంటును భూమిలోకి పంపే డిశ్చార్జ్ రాడ్‌తో ఎర్త్ చేయడం, ఇవన్నీ ఎప్పటిలాగే చేయాలి.

ఈ వారం అభ్యాసం: మీ సబ్‌స్టేషన్‌లో మూలకు పడేసిన పాత జత ఒకటి అడిగి తీసుకోండి. లోపం ఎక్కడుందో ముందు కళ్లతో వెతికి సుద్దముక్కతో గుర్తు పెట్టండి, ఆ తర్వాతే గాలి పరీక్ష చేయండి. రెండిట్లో తేడా ఎక్కడొచ్చిందో రాసిపెట్టుకోండి. వచ్చే పాఠం సేఫ్టీ బెల్టు కుట్ల మీద.