సాయంత్రం ఫొటోకి మాట చెప్పడం, మాట పడటం

రాజమండ్రి గోదావరికి తూర్పు ఒడ్డున ఉంది. ఘాట్ మెట్ల మీద నిలబడితే సూర్యుడు మనకి ఎదురుగా, నది అవతల కొవ్వూరు వైపు దిగుతాడు. అందుకే ఈ ఊళ్లో ఫోన్ ఉన్న ప్రతివాళ్ల దగ్గరా ఒక సాయంత్రం ఫొటో ఉంటుంది, నా దగ్గరైతే కొన్ని వందలున్నాయి. అవి ఒకరికొకరం పంపుకుంటాం. "సూపర్ అన్నా" అంటారు, రెండు దండాలు పెడతారు, అక్కడితో సరి. ఏడాదంతా ఇలా మెచ్చుకోళ్లు అందుకున్న కుర్రాడు ఏడాది తర్వాత కూడా అదే ఫొటో తీస్తున్నాడంటే తప్పు వాడిది కాదు, చూసి ఊరుకున్న మన అందరిదీ.

నా ఫొటోలో బాగోగులు చూసి మొదటిసారి సరైన మాట చెప్పింది ఒక పెద్దాయన. పడవ మీద నిలబడి తెడ్డు వేస్తున్న మనిషి, వెనక ఎర్రటి ఆకాశం, అదీ నా ఫొటో. ఆయన ఇంతే రాశారు: "పడవ మనిషి తల అవతలి గట్టు నలుపులో కలిసిపోయింది. నువ్వు నాలుగు మెట్లు కిందికి దిగి ఉంటే తల ఆకాశంలోకి వచ్చేది." ఆ రోజంతా నాకు మనసు బాలేదు. మర్నాడు సాయంత్రం వెళ్లి నాలుగు మెట్లు దిగాను. నిజంగానే తల గట్టు పైకి, వెలుతురులోకి వచ్చింది.

ఎవరి ఫొటోకైనా మాట చెప్పాలంటే నేను చూసుకునేది ఇదే. రేపు సాయంత్రం అదే చోట నిలబడి వాళ్లు చేయగలిగింది ఒక్కటైనా నా మాటలో ఉందా? "డెప్త్ లేదు", "ఫీల్ రాలేదు" అంటే వాళ్లు రేపు ఏం చేయాలి? పెళ్లి ఫొటో చెడిపోతే పెళ్లి మళ్లీ చేయించలేం, సూర్యుడు మాత్రం రేపు మళ్లీ వస్తాడు. ఆ అవకాశాన్ని వాడుకునేలా చెప్పండి.

నోరు తెరిచే ముందు రెండు పనులు చేయాలి. ఒకటి, అసలు ఫైలు అడగండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది, ఆకాశంలో రంగు నెమ్మదిగా మారాల్సిన చోట చారలు పడతాయి, కొంగ ఈకలు పేస్టులా అయిపోతాయి. అది చూసి "షార్ప్‌గా లేదు" అనేస్తే మీరు తిట్టింది వాట్సాప్‌ని, ఫొటోని కాదు. డాక్యుమెంట్‌గా పంపమంటే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. మీ ఫోన్ వెలుతురు తగ్గించి ఉందేమో కూడా చూసుకోండి. రెండు, "ఇందులో మీకు ఏం చూపించాలని ఉంది?" అని అడగండి. పడవ అన్నారనుకోండి, మీ కన్ను ముందు పడవ మీదికి వెళ్లిందో లేదో చెప్పండి. "నా కన్ను ముందు కుడి మూల ప్లాస్టిక్ సంచి మీద పడింది, తర్వాత పడవ కనబడింది" అంటే ఎవరికీ కోపం రాదు, ఏం చేయాలో కూడా తెలిసిపోతుంది.

ఇక అందరూ అనేసే మాటల్లో కొన్ని జాగ్రత్తగా అనాల్సినవి ఉన్నాయి. "హొరైజన్ వంగింది", అంటే దూరాన ఆకాశం కలిసే గీత వాలింది అనేది మొదటిది. సముద్రమైతే గీత సమంగా ఉండాల్సిందే, రెండో మాట లేదు. నది అలా కాదు. అవతలి గట్టు మన నుంచి ఏటవాలుగా దూరం జరుగుతూ పోతే, కెమెరా ఎంత సమంగా పట్టుకున్నా గట్టు గీత వాలినట్టే కనబడుతుంది. దాన్ని తిన్నగా చేయమని సలహా ఇచ్చి మంచి ఫొటోని వంచేసిన వాళ్లని చూశాను. వంతెన స్తంభాలు నిలువుగా ఉన్నాయా, సూర్యుడూ నీళ్లలో వెలుగు దారీ ఒకే నిలువు గీతలో ఉన్నాయా, అవి చూడండి. అవి సరిగ్గా ఉంటే ఫొటో వంగలేదు, గట్టే అలా ఉంది.

"సూర్యుడు చిన్నగా ఉన్నాడు" అనేది రెండోది. ఆకాశంలో సూర్యుడి వెడల్పు అర డిగ్రీ, అంతే. ఫోన్ మెయిన్ కెమెరా అంత వెడల్పు చూపులో అది ఫ్రేమ్‌లో దాదాపు 150వ వంతు. ఫ్రేమ్ వెడల్పులో పదో వంతు రావాలంటే దూరాన్ని దగ్గరికి లాగే 400 ఎంఎం లాంటి పెద్ద లెన్స్ కావాలి. ఫోన్‌తో తీసిన పిల్లని "పెద్ద సూర్యుడు కావాలి" అంటే ఆ పిల్ల ఏం చేయగలదు? "సూర్యుణ్ణి చిన్నగానే వదిలేసి దగ్గర్లో ఏదైనా నల్లటి ఆకారం పెట్టమ్మా, తాడి చెట్టో, లంగరేసిన పడవో" అనండి. పెద్ద లెన్స్ ఉన్నవాళ్లకి ఇంకో మాట కూడా చెప్పాలి, సూర్యుడు ఇంకా మండుతుండగా అద్దాల వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి చూడకూడదు, కళ్లు పోతాయి. స్క్రీన్ మీదే చూడమనండి.

సూర్యుడి చుట్టూ తెల్లగా కాలిపోయిందా, అప్పుడు "ఎడిట్‌లో తగ్గించు" అనకండి. జేపెగ్‌లో, అంటే ఫోన్లు మామూలుగా దాచే ఫొటో ఫైలులో, కాలిపోయిన తెలుపు ఎంత లాగినా తిరిగి రాదు, బూడిద రంగు మచ్చ మిగులుతుంది. తీసేటప్పుడే ఆకాశం మీద వేలు నొక్కిపట్టి వెలుతురు కిందికి లాగమని చెప్పండి. రంగు పాలిపోయిందంటే వైట్ బ్యాలెన్స్ (రంగుల వేడినీ చల్లదనాన్నీ సరిచేసే సెట్టింగ్) ఆటోలో ఉండి ఎరుపుని చల్లబరిచి ఉంటుంది, డేలైట్‌లోనో క్లౌడీలోనో పెట్టమనండి. సాచురేషన్ (రంగుల గాఢత) ఎక్కువైందా అన్నది తేల్చడానికి నేను ఆకాశం చూడను, ఫొటోలో తెల్ల పంచె ఉంటే అది చూస్తాను. పంచె కూడా నారింజ పండులా ఉంటే, సూర్యుడి అంచు చుట్టుపక్కల రంగులో కరిగిపోయి ఉంటే, స్లైడర్ ఎక్కువ జరిగిందన్నమాట.

ఎవరూ చెప్పని మాటలు మూడున్నాయి, అసలు ఎక్కువ ఉపయోగపడేవి ఇవే. సూర్యుడు మునగగానే అందరూ బ్యాగులు సర్దుకుంటారు. మన ప్రాంతంలో సూర్యుడు నిటారుగా దిగిపోతాడు కాబట్టి సంధ్య వెలుగు ఎక్కువసేపు ఉండదు, కానీ ఇరవై నిమిషాలకు పైగానే ఉంటుంది. మబ్బుల అడుగున ఎరుపు పట్టేది చాలాసార్లు అప్పుడే. "ఇంకో ఇరవై నిమిషాలు ఆగి ఉంటే" అనే మాట చాలా ఫొటోలకి సరిపోతుంది. రెండోది నెల. పడమటికి తిరిగి నిలబడితే డిసెంబర్‌లో సూర్యుడు ఎడమకి, జూన్‌లో కుడికి జరిగి దిగుతాడు, నడి పడమర నుంచి ఒక్కో వైపు దాదాపు 25 డిగ్రీలు. సూర్యుడు వంతెన వెనక పడలేదని బాధపడేవాళ్లకి క్రాప్ గురించి కాదు, క్యాలెండర్ గురించి చెప్పండి. మూడోది దిక్కు. విశాఖలో, సూర్యలంకలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, సముద్రంలో మునగడు. నీళ్ల మీద సూర్యుణ్ణి పెట్టి "బీచ్‌లో సూర్యాస్తమయం" అని రాస్తే అది ఉదయం తీసిందా అని మెల్లగా, విడిగా అడగండి.

పక్షుల ఫొటోలకి మాట చెప్పడం వేరు. కంట్లో మెరుపు ఉందా, కన్ను షార్ప్‌గా ఉందా, కెమెరా పక్షి ఎత్తులో ఉందా, వెనక కొమ్మ తలలోంచి మొలిచినట్టుందా, ఇవి చూస్తే చాలు. కానీ గుంటూరు దగ్గర ఉప్పలపాడులోనో సూళ్లూరుపేట దగ్గర నేలపట్టులోనో గూళ్ల మీద ఉన్న గూడబాతుని చూసి "ఇంకొంచెం దగ్గరికి వెళ్లాల్సింది" అని మాత్రం ఎప్పుడూ అనకండి. తల్లి గూడు వదిలి ఎగిరిపోతే గుడ్లు, పిల్లలు ఎండకీ కాకులకీ దొరికిపోతాయి. ఆ ఒక్క వాక్యం చదివి రేపు ఎవరో నిజంగానే దగ్గరికి వెళతారు. గూడుని కదిపి తీసినట్టు అనిపిస్తే మెత్తగా చెప్పక్కర్లేదు, తీయొద్దని సూటిగా చెప్పండి. అది కూడా విడిగానే.

"ఆ కరెంటు తీగ తీసేయ్" అనే ముందు ఎక్కడికి పంపుతున్నారో అడగండి. ఫియాప్ (అంతర్జాతీయ ఫొటోగ్రఫీ సమాఖ్య), పీఎస్ఏ (అమెరికా ఫొటోగ్రఫీ సంఘం) నిబంధనలతో జరిగే పోటీల్లో నేచర్ విభాగానికి క్రాప్ చేయొచ్చు, కానీ ఫొటోలో ఉన్నదాన్ని చెరపకూడదు, లేనిదాన్ని చేర్చకూడదు. మీ సలహా విన్నందుకు వాళ్ల ఎంట్రీ పోతుంది.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి ఒక్కటే చెప్పండి. ఏడు తప్పులు కనబడినా ఒక్కటే. బాగున్నది కూడా చెప్పండి, కానీ మొహమాటానికి కాదు. "నీటి మీద వెలుగు దారి పడవ దాకా వచ్చి ఆగింది, అది చాలా బాగుంది" అంటే వాళ్లు దాన్ని మళ్లీ తీయగలరు. మీకంటే పెద్దవాళ్లయితే "సార్, నాకో సందేహమండి, ఈ ఎడమ వైపు ఖాళీ కావాలనే ఉంచారా?" అని మొదలుపెడితే వింటారు. నలుగురిలో తప్పు ఎత్తి చూపితే ఎంత సరైన మాటైనా చెవికెక్కదు.

ఇప్పుడు మాట పడటం. ఇది కష్టమే. ఆ ఫొటో వెనక తెల్లారుజామున లేచిన చలి, చెప్పుల్లో దూరిన ఇసుక, గంటన్నర ఎదురుచూపు, అన్నీ మీకు గుర్తున్నాయి. చూసేవాళ్లకి అవేవీ రావు, ఒక చదరపు ముక్క మాత్రమే వస్తుంది. అందుకే "మీకు తెలీదు, అక్కడ ఎంత గాలో" అని జవాబు రాయాలనిపిస్తే రాయొద్దు. ఆ రోజుకి "చూస్తానండీ" అని వదిలేయండి. మర్నాడు ఆ మాట చదువుతూ ఫొటోని మళ్లీ చూడండి, ఒక రాత్రి గడిస్తే కన్ను మారుతుంది. అర్థం కాకపోతే "ఫొటోలో ఏ చోట?" అని అడగండి, వేలు పెట్టి చూపించమనండి. చూపించలేకపోతే ఆ మాటని పక్కన పెట్టేయొచ్చు.

ఒకరు అన్నది ఇష్టాయిష్టం కావచ్చు. ఒకరితో ఒకరికి సంబంధం లేని ముగ్గురు ఒకే మూల గురించి అంటే ఆ మూలలో ఏదో ఉంది, వెళ్లి చూడండి. కొందరు దురుసుగా అంటారు, "ఇది కూడా ఫొటోనా" అంటారు. నాకూ అన్నారు, చాలా బాధేసింది. అందులో పనికొచ్చేది ఏదైనా ఉంటే తీసుకున్నాను, లేకపోతే వాళ్లకి ఫొటోలు పంపడం మానేశాను. ఒప్పుకోకపోవడానికి కూడా మీకు హక్కుంది. చీకటిగా ఉండాలనే చీకటిగా తీశారా, "నాకు అలాగే కావాలండి" అని ఒక్క మాటలో చెప్పి ఊరుకోండి.

మాట చెప్పినవాళ్లకి మళ్లీ తీసిన ఫొటో పాతదాని పక్కన పెట్టి పంపండి, ఏం మార్చారో ఒక వాక్యం రాయండి. వాళ్లకి అంతకంటే మర్యాద ఇంకేం ఉండదు. నాలుగు మెట్లు దిగి తీసిన ఫొటో నేను ఆ పెద్దాయనకి పంపితే పది నిమిషాల్లో జవాబు వచ్చింది: "తల బాగా వచ్చిందయ్యా. తెడ్డు కొస మాత్రం అంచున తెగింది, చూసుకో." ఆ సాయంత్రం మళ్లీ ఘాట్‌కి వెళ్లాను.