బాగా చూసుకున్న పాత స్పోర్ట్స్ కారుకు ధర కట్టి అమ్మడం ఎలా?

కాకి పిల్ల కాకికి ముద్దు. ఏళ్ల తరబడి సెలవు రోజున కూర్చుని తుడిచి, వానలో తడవనీయకుండా, గడువు రాకముందే ఆయిల్ మార్చుకుంటూ వచ్చిన కారుకు మన మనసులో ఒక ధర ఉంటుంది. బయట పలికే ధరకూ దానికీ పొత్తు కుదరదు. అన్నిసార్లూ మన ధరే ఎక్కువని కూడా చెప్పలేం. మామూలు కారు విలువ ఏటా జారుతూనే పోతుంది. స్పోర్ట్స్ కార్లలో కొన్ని మోడళ్లకు మాత్రం ఒక వయసు దాటాక ఆ జారుడు ఆగుతుంది, కొన్నిటికి మళ్లీ పైకి లేస్తుంది. అందుకే "పాతదేగా, ఎంతొస్తే అంత" అనుకున్నవాళ్లు నష్టపోతారు. "నాది బంగారం" అనుకున్నవాళ్లు నెలల తరబడి ఎవరూ ఫోన్ చేయని ప్రకటన పెట్టుకుని కూర్చుంటారు.

ఇలాంటి కారు కొనడానికి వచ్చే మనిషి ముచ్చటపడుతూ వస్తాడు, భయపడుతూ కూడా వస్తాడు. ఇంజను లోపల ఏముందో, ఎప్పుడు ఎవరు గుద్దారో, ఇంటికి తీసుకెళ్లాక ఎంత ఖర్చు పెట్టిస్తుందో అని. ఆ భయాన్ని మీరు ఎంత తగ్గించగలిగితే అంత ధర పలుకుతుంది. కింద చెప్పే పనుల్లో చాలావాటి గుట్టు ఇదే.

మీ దగ్గరున్నది సరిగ్గా ఏమిటో తేల్చుకోండి

మోడల్ పేరు ఒక్కటే చాలదు. ఏ తరం, ఏ ఏడాది, ఏ ఇంజను, ఏ గేర్‌బాక్స్ అన్నది తేలాలి. ఒకే పేరుతో పక్కపక్కన నిలబడే రెండు కార్ల మధ్య ధరలో చాలా తేడా ఉండొచ్చు.

పోర్షే 911నే తీసుకోండి. 996 తరంలోనూ, 997 తొలి భాగంలోనూ మామూలు కరేరా ఇంజన్లలో ఐఎంఎస్ బేరింగు (ఇంజను లోపల తిరిగే ఒక షాఫ్ట్‌ను మోసే చిన్న భాగం) చెడిపోతే ఇంజనుకే ఎసరు వస్తుందన్న భయం కొనేవాళ్లందరికీ ఉంటుంది. అదే కాలపు టర్బో, జీటీ3 కార్లలో ఉన్నది వేరే ఇంజను, వాటికి ఈ బెడద లేదు. 2009 మోడల్ నుంచి కరేరాకూ ఇంజను పూర్తిగా మార్చేశారు, అందులో ఆ బేరింగే లేదు. బీఎండబ్ల్యూ ఈ46 ఎం3 అయితే అడిగేవాడు నేరుగా కారు కిందికి దూరి, వెనక సబ్‌ఫ్రేమ్ (వెనక చక్రాల భాగాలను మోసే చట్రం) బిగించే చోట పగుళ్లు ఉన్నాయేమో చూస్తాడు. మాజ్దా ఎంఎక్స్-5 తొలి ఏడాదుల 1.6 లీటర్ కార్లలో క్రాంక్‌షాఫ్ట్ ముందు కొస అరిగిపోవడం ఒక పేరున్న జబ్బు. పోర్షే 944లో టైమింగ్ బెల్ట్ తెగితే వాల్వులూ పిస్టన్లూ ఢీకొంటాయి. హోండా ఎస్2000లో 9000 ఆర్‌పీఎం దాకా తిరిగే తొలి 2.0 లీటర్ ఇంజను కావాలనేవాళ్లు వేరు, తర్వాత వచ్చిన 2.2 కావాలనేవాళ్లు వేరు.

మీ మోడల్‌కు అలాంటి పేరున్న జబ్బులు ఏమిటో ఒక కాగితం మీద రాయండి. ఒక్కోదాని ఎదురుగా "చేయించాను, బిల్లు ఉంది", "చూపించాను, బాగుంది", "చేయించలేదు" అని మూడింట్లో ఒకటి రాయండి. కొనేవాడు అడిగే మొదటి ప్రశ్నలు ఇవే. పది వేల కిలోమీటర్ల క్రితం ఐఎంఎస్ బేరింగు మార్పించిన బిల్లు ఒక్కటి, బోనెట్ మీది మెరుపు కన్నా ఎక్కువ పని చేస్తుంది.

పనిలో పనిగా ఛాసిస్ నంబరు కూడా సరిచూసుకోండి. 1981 తర్వాత వచ్చిన చాలా కార్లలో ఇది 17 అక్షరాలు, అంకెల వరస. ఒకటి, సున్నాలతో తికమక పడకుండా ఐ, ఓ, క్యూ అక్షరాలు అందులో వాడరు. బాడీ మీద ఉన్నదీ, కాగితాల్లో ఉన్నదీ ఒక్కటేనా? ఇంజను నంబరు కూడా కలుస్తోందా? ఎప్పుడో ఇంజను మారి ఉంటే అది మీ నోటి నుంచే ముందు రావాలి.

కాగితాల ఫైలు కట్టండి

నన్నడిగితే కారు కడగడం కన్నా ముందు చేయాల్సిన పని ఇది. డ్రాయరులో, గ్లవ్‌బాక్స్‌లో, పాత ఈమెయిళ్లలో ఉన్న బిల్లులన్నీ తేదీల వారీగా పేర్చండి. పైన ఒక పేజీ పట్టిక పెట్టండి: తేదీ, అప్పటి ఓడోమీటరు రీడింగు, చేసిన పని, చేసినవారు. టైర్ల రసీదులో రాసిన రీడింగు, తనిఖీ కాగితంలోని రీడింగు వరసగా పెరుగుతూ కనిపిస్తే మీటరు వెనక్కి తిప్పారన్న అనుమానానికి చోటుండదు.

మీరే స్వయంగా పని చేసుకునే రకమైతే, విడిభాగాల రసీదులూ అప్పటి ఫొటోలూ పెట్టండి. "ఆయిల్ నేనే మార్చాను" అన్న మాటకు విలువ లేదు. ఫిల్టరు రసీదుకు ఉంది.

రెండో తాళంచెవి, యజమాని పుస్తకం, టూల్‌కిట్, కారుతో వచ్చిన అసలు స్టీరియో, అసలు చక్రాలు కూడా ఒకచోట చేర్చండి. కారు మీద అప్పు మిగిలి ఉంటే ముందు అది తేల్చుకుని, తీరినట్టు కాగితం తెచ్చుకోండి.

ఏది బాగుచేయించాలి, ఏది ముట్టకూడదు

అమ్మే ముందు రంగు వేయించకండి. కంపెనీ వేసిన రంగు మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల మందం ఉంటుంది. మళ్లీ రంగు వేసిన చోట అది పెరుగుతుంది, పుట్టీ ఉంటే వందలు దాటి వేలలోకి పోతుంది. కాస్త తెలిసినవాడు రంగు మందం కొలిచే పెయింట్ గేజ్ జేబులో వేసుకునే వస్తాడు. చిన్న గీత కనబడితే ఆ గీతకే ధర తగ్గిస్తాడు. కొత్త రంగు కనబడితే కింద ఏం దాచారోనని మొత్తం కారునే అనుమానిస్తాడు. కారు అడుగున కొత్తగా పూసిన నల్లటి పూతకూ ఇదే వర్తిస్తుంది. ఇంజను చుట్టూ నూనె పూసి నిగనిగలాడించడమూ అంతే, పైన పటారం లోన లొటారం అనిపించుకోవడమే. దుమ్ము తుడవండి, మెరుపు వద్దు.

చేయించాల్సినవి వేరే ఉన్నాయి. డాష్‌బోర్డులో వెలుగుతున్న హెచ్చరిక దీపం ఏదైనా సరే, కారణం కనుక్కుని బాగుచేయించండి. దాంతో అమ్మితే అసలు ఖర్చుకు రెండు మూడింతలు బేరంలో పోతుంది. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, కాబట్టి మార్చి రెండేళ్లు దాటి ఉంటే మార్పించండి. బలహీనమైన బ్యాటరీ, మాడిన బల్బు, చిరిగిన వైపరు కూడా చిన్న ఖర్చులే.

టైర్ల దగ్గర చాలామంది పొరబడతారు. గాడులు లోతుగానే ఉన్నాయి కదా అంటారు. టైరు పక్కగోడ మీద డాట్ గుర్తుతో మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. తక్కువ తిరిగిన కారులో టైరు అరిగే లోపే ముసలిదైపోతుంది. పదేళ్ల నాటి టైర్లతో స్పోర్ట్స్ కారు నడిపి చూడమనడం మీకూ క్షేమం కాదు, వచ్చినవాడికీ కాదు. మార్చండి, లేదా ఆ ఖర్చు ధరలో తగ్గించానని ముందే రాయండి.

తక్కువ తిరగడం గురించి ఇంకో మాట. తక్కువ కిలోమీటర్లు అనగానే ఎక్కువ ధర అనుకుంటాం. ఏళ్లకేళ్లు కదలకుండా ఉన్న కారులో సీళ్లు ఎండుతాయి, ట్యాంకులో పెట్రోలు పాడవుతుంది, టైర్లు ఒకవైపు అణిగిపోతాయి. వారం పది రోజులకోసారి ఇంజను పూర్తిగా వేడెక్కేదాకా నడిపిన కారే నయం. మీరు అలా నడిపి ఉంటే ఆ సంగతి ప్రకటనలో గర్వంగా రాయండి.

తర్వాత బిగించిన సైలెన్సరు, దించిన సస్పెన్షన్ లాంటివి మీకు ముద్దు. వాటికి పెట్టిన డబ్బు తిరిగి రాదు. అసలు భాగాలు దాచి ఉంచితే మళ్లీ బిగించి, కొత్తవి విడిగా అమ్ముకోండి.

ధర కట్టడం

అడిగే ధర వేరు, అమ్ముడైన ధర వేరు. ప్రకటనల్లో కనిపించేవి ఆశలు. వాటిలో ఆరు నెలలుగా అక్కడే ఉన్నవీ ఉంటాయి. బ్రింగ్ ఎ ట్రైలర్ లాంటి ఆన్‌లైన్ వేలం సైట్లలో ముగిసిన వేలాల ఫలితాలు అందరికీ కనిపిస్తాయి. రిజర్వు ధర (అమ్మేవాడు పెట్టుకున్న కనీస ధర) అందక అమ్ముడుపోనివి కూడా అక్కడ ఉంటాయి, అవీ పాఠమే. మీ ప్రాంతపు మార్కెట్ అక్కడి అంకెలతో కలవకపోవచ్చు కానీ, ఏ తేడాకు ఎంత విలువ ఇస్తున్నారో తెలుస్తుంది.

అదే తరం, అదే ఇంజను, అదే గేర్‌బాక్స్ ఉండి, గత ఏడాదిలో అమ్ముడైన కార్లు ఎనిమిదో పదో పోగుచేయండి. అన్నిటికన్నా ఎక్కువదీ తక్కువదీ పక్కన పెట్టండి. మిగిలినవాటి మధ్య ధరను వంద అనుకుందాం. ఇప్పుడు మీ కారును దాని పక్కన నిలబెట్టండి. కిలోమీటర్లు తక్కువ, ఆరు కలపండి. మొదటి రోజు నుంచీ సర్వీస్ బిల్లులున్నాయి, ఐదు కలపండి. టైమింగ్ బెల్ట్ మార్చే గడువు దగ్గరపడింది, ఐదు తీసేయండి. ముందు బంపరుకు ఒకసారి రంగు పడింది, మూడు తీసేయండి. తేలింది 103. ఈ అంకెలు లెక్క చూపడానికే. మీ మోడల్‌లో దేనికెంతో మీరు పోగుచేసిన కార్లే చెబుతాయి. మాన్యువల్ గేర్‌బాక్స్ ఉంటే చాలా స్పోర్ట్స్ కార్లకు ధర ఎక్కువ పలుకుతుంది కాబట్టి మాన్యువల్, ఆటోమేటిక్ కార్లను ఒకే గంపలో వేయకండి.

పాత కార్లకు విలువ కట్టే హాగర్టీ సంస్థ వాటిని 1 నుంచి 4 దాకా శ్రేణులుగా విడదీస్తుంది. 1 అంటే ప్రదర్శనలో బహుమతి కొట్టే కారు, 4 అంటే వాడకపు గుర్తులు బాగా కనబడే కారు. మనం 2 అనుకునే మన కారు బయటివాడి కంటికి చాలాసార్లు 3 అవుతుంది. కార్ల సంగతి తెలిసిన, మొహమాటం లేని స్నేహితుణ్ణి పిలిచి మార్కులు వేయించుకోండి.

చివరికి మూడు అంకెలు రాసుకోండి: అడిగేది, ఆశించేది, అంతకన్నా దిగనిది. పై లెక్కలో అయితే 109, 103, 99. మూడోది ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకపోతే మంచిది.

ఎక్కడ అమ్మాలి

త్వరగా వదిలించుకోవాలంటే డీలరు ఉన్నాడు, ధర మాత్రం తగ్గుతుంది. కమిషన్ మీద అమ్మిపెట్టేవాళ్లున్నారు, ఒప్పందం చదివి సంతకం పెట్టండి. అరుదైన మోడల్ అయితే ఆన్‌లైన్ వేలం బాగుంటుంది. ఆ మోడల్ యజమానుల క్లబ్బు ఉంటే నా ఓటు దానికే. అక్కడివాళ్లకు మీ ఫైలు విలువ చెప్పక్కర్లేదు. పైకప్పు తెరుచుకునే కారును చలి, వానలు వెళ్లాక పెట్టండి.

ఫొటోలు, ప్రకటన

పొద్దున్నే లేదా సాయంత్రం వాలు వెలుగులో, ఖాళీ చోట తీయండి. నాలుగు మూలలు, సీట్ల అంచులు, స్టీరింగు, ఇంజను, డిక్కీ, కారు అడుగు, ఓడోమీటరు, టైర్ల తేదీలు. ప్రతి గీతకూ సొట్టకూ పక్కన నాణెం పెట్టి ఫొటో తీయండి. లోపాలు చూపిస్తే ధర పడిపోతుందని భయపడతారు కానీ, చూసి వచ్చినవాడు వాటిమీద మళ్లీ బేరమాడలేడు.

రాతలో "అద్భుతం", "చూస్తే వదలరు" లాంటివి వద్దు. ఏడాది, రీడింగు, ఎంతమంది చేతులు మారింది, పెద్ద పనులు ఎప్పుడు చేయించారు, ఏం చేయించాల్సి ఉంది, ఎందుకు అమ్ముతున్నారు. ఇవి చాలు.

చూడటానికి వచ్చినప్పుడు

ఇంజను చల్లగా ఉంచండి. ముందే వేడి చేసి పెడితే స్టార్టింగులో వచ్చే పొగనూ చప్పుడునూ దాస్తున్నారని తెలిసినవాడు పసిగడతాడు. మొదట మీరే నడిపి చూపించండి, ఆయిల్ వేడెక్కాకే ఎక్కువ ఆర్‌పీఎంకు వెళ్లండి. ఆ జాగ్రత్త చూసినవాడికి కారు ఎలా పెరిగిందో అర్థమవుతుంది. తర్వాత లైసెన్సు చూసి, బీమా అతనికి వర్తిస్తుందో లేదో తేల్చుకుని, మీరు పక్కన కూర్చుని అప్పుడు ఇవ్వండి. తన మెకానిక్‌కు చూపిస్తానంటే కాదనకండి, ఖర్చు అతనిది. ఇంజను సిలిండర్లలో ఒత్తిడి సరిగా నిలుస్తోందో చూసే కంప్రెషన్ పరీక్ష, లీక్‌డౌన్ పరీక్ష మీరే ముందు చేయించి ఫలితాలు ఫైల్లో పెడితే ఇంకా మంచిది.

కారు చూడకుండానే ఫోన్లో "లాస్ట్ ఎంతకిస్తారు?" అనేవాళ్లు తప్పకుండా ఉంటారు. "కారు చూశాక మాట్లాడుకుందాం" అని ఊరుకోండి. చూశాక అడిగేవాడు ఏ కారణంతో తగ్గించమంటున్నాడో వినండి. టైర్ల సంగతి ముందే లెక్కలో వేసి ఉంటే అదే చూపించండి. మీకు తెలియని కొత్త లోపం అతని మెకానిక్ కనిపెడితే, దాని ఖర్చు మేరకు దిగడం న్యాయం.

డబ్బు, అప్పగింత

బ్యాంకు చెక్కు చేతికిచ్చినా, డబ్బు పంపినట్టు ఫోన్లో మెసేజ్ చూపించినా అది డబ్బు కాదు. మీ ఖాతాలో పడిందని మీ బ్యాంకే చెప్పాలి. వీలైతే బ్యాంకులోనే కలవండి. ఒప్పుకున్నదానికన్నా ఎక్కువ పంపి మిగతాది వెనక్కి పంపమనేవాడు మోసగాడు, ఇక మాట్లాడకండి.

రాతపూర్వకంగా తేదీ, సమయం, రీడింగు, ధర రాసి ఇద్దరూ సంతకం చేయండి. ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నానన్న మాట అందులో ఉండాలి. యాజమాన్యం మారినట్టు మీ చోటి రవాణా అధికారులకు మీరే తెలియజేయండి. కొనేవాడు చూసుకుంటాడని వదిలేస్తే రేపు అతని జరిమానాలు మీ ఇంటికి వస్తాయి. ఆ పని అయ్యాకే బీమా రద్దు చేయండి. కారులో దాగిన మీ ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామా చెరిపేయండి, టోల్ ట్యాగు తీసేయండి.

చక్రాలకు తాళం నట్లుంటే వాటి తాళంచెవి ముక్క ఎక్కడుందో అప్పగించేటప్పుడే చూపించండి. లేకపోతే నెల తర్వాత ఏ అర్ధరాత్రో, పంచరైన కారు పక్కన నిలబడి అతను మీకే ఫోన్ చేస్తాడు.