బ్రిడ్జ్ నేర్చుకుందాం – 4: పార్ట్‌నర్ ‘వన్ నోట్రంప్’ అన్నాక

పోయిన పాఠం చివర ఈ ముక్కలిచ్చి, వీటితో వేలంలో మొదట ఏ బిడ్ చెబుతారని అడిగాను: ఇస్పేట్‌లో ఆసు, రాణి, 6, ఆఠీన్‌లో రాజు, జాకీ, 8, 3, డైమండ్‌లో రాజు, 7, కళావర్‌లో రాణి, 10, 5, 4. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున మొత్తం 15 పాయింట్లు, ఏ రంగూ మరీ పొట్టిగా లేదు. కాబట్టి జవాబు వన్ నోట్రంప్, అంటే తురుపు లేకుండా ఏడు పట్టులు తెస్తామని. ఈసారి ఆ ముక్కలు మీ పార్ట్‌నర్ చేతిలో ఉన్నాయనుకుని, మీరు ఎదురుగా కూర్చోండి.

వన్ నోట్రంప్ అనగానే పార్ట్‌నర్ తన చేతి గురించి దాదాపు అంతా చెప్పేసినట్టే. 15 నుంచి 17 పాయింట్లు, నాలుగు రంగులూ సర్దుకుని ఉన్నాయి. మీ చేతిలో ఏముందో ఆయనకు తెలియదు. అందుకే ఇక్కడి నుంచి నిర్ణయం మీది. ఎంత ఎత్తుకు వెళ్లాలి, ఏ రంగులో ఆడాలి అని మీరు రెండు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది కూడిక లెక్క. గేమ్‌కు, అంటే త్రీ నోట్రంప్, ఫోర్ స్పేడ్స్ లాంటి బోనస్ తెచ్చే బిడ్‌కు, ఇద్దరి దగ్గరా కలిపి సుమారు 25 పాయింట్లు కావాలి. మీ దగ్గర 10 ఉంటే గేమ్‌కు వెళ్లండి. 8 లేదా 9 ఉంటే పార్ట్‌నర్‌ను అడగండి. అంతకంటే తక్కువైతే గేమ్ ఆలోచన మానేయండి. స్లామ్ (పన్నెండు లేదా పదమూడు పట్టుల బిడ్) సంగతి మరో పాఠంలో చూద్దాం.

చాలామంది తడబడేది రెండో ప్రశ్న దగ్గరే. ఈ చేయి చూడండి: ఇస్పేట్ 9, 8, 7, 5, 3, ఆఠీన్ 7, 4, డైమండ్ 9, 6, 2, కళావర్ జాకీ, 7, 3. మొత్తం ఒకే ఒక్క పాయింటు. నేర్చుకునే రోజుల్లో ఇలాంటి ముక్కలు వస్తే నేను పాస్ చెప్పేవాణ్ని. పాయింట్లు లేనప్పుడు నోరు మెదపకూడదు అనుకునేవాణ్ని. అది తప్పు. ఐదు ఇస్పేట్‌లు ఉన్న బలహీనమైన చేతితోనే మీరు తప్పకుండా మాట్లాడాలి.

ఎందుకో పార్ట్‌నర్ ముక్కలతో కలిపి చూడండి. నోట్రంప్‌లో ఆయన ఇస్పేట్ ఆసు, రాణి, 6 అయిపోయాక మీ చేతిలో మిగిలిన చిన్న ఇస్పేట్‌లను అందుకునే దారి దాదాపు లేదు. అవి డమ్మీలో (బల్ల మీద పరిచిన మీ ముక్కల్లో) ఊరికే పడి ఉంటాయి. అదే ఇస్పేట్ తురుపైతే మీ చేతిలోని 5, 3 కూడా పట్టు తెస్తాయి. ఆఠీన్ మూడోసారి తిరిగేసరికి మీ దగ్గర ఆ రంగు అయిపోతుంది, తురుపుతో కోయవచ్చు. గెలుస్తామని హామీ ఇవ్వను. కానీ నోట్రంప్‌లో కంటే ఇక్కడ పట్టులు ఎక్కువ వస్తాయి.

దీనికి వాడే బిడ్ ట్రాన్స్‌ఫర్. అమెరికాలో దీన్ని ప్రచారంలోకి తెచ్చింది ఆస్వాల్డ్ జాకోబీ, 1956లో. చేతిలో ఐదు ఇస్పేట్‌లు ఉంటే దాని కింది రంగు టూ హార్ట్స్ చెప్పండి. పార్ట్‌నర్ టూ స్పేడ్స్ చెప్పి తీరాలి. ఐదు ఆఠీన్‌లు ఉంటే టూ డైమండ్స్, ఆయన టూ హార్ట్స్ అంటారు. ఈ చుట్టు తిరుగుడు దేనికంటే, కాంట్రాక్ట్ (వేలంలో చివరకు నిలిచిన బిడ్) ఆయన పేరు మీద పడి ఆయనే ఆడితే బలమైన చేయి ఎదుటివాళ్లకు కనపడదు. మొదటి ముక్క కూడా ఆయన రాజులు, రాణుల వైపే వస్తుంది.

ఆ తర్వాత బలాన్నిబట్టి నడవండి. పై చేతితో ఇప్పుడు పాస్. 8, 9 ఉంటే టూ నోట్రంప్. 10 ఉంటే త్రీ నోట్రంప్ అనండి. అప్పుడు మూడు ఇస్పేట్‌లున్న పార్ట్‌నర్ ఫోర్ స్పేడ్స్‌కు మారతారు, రెండే ఉంటే పాస్ అంటారు. ఒక్క జాగ్రత్త: ట్రాన్స్‌ఫర్ ఆడుతున్నామని ఇద్దరూ ముందే మాట్లాడుకోవాలి. ఒకసారి నా పార్ట్‌నర్ మరిచిపోయి టూ హార్ట్స్ మీద పాస్ చెప్పారు. నా చేతిలో రెండే ఆఠీన్‌లు. ఆ టెన్షన్ మీకొద్దు.

నాలుగు ముక్కల మేజర్ (ఇస్పేట్ లేదా ఆఠీన్) ఉండి 8 లేదా అంతకంటే ఎక్కువ పాయింట్లుంటే టూ క్లబ్స్ చెప్పండి. ఇది స్టేమన్. ఆలోచన జార్జ్ రపేది. ఆయన పార్ట్‌నర్ శామ్యూల్ స్టేమన్ 1945లో పత్రికలో రాయడంతో ఆ పేరు నిలిచింది. ‘నీకు నాలుగు ఆఠీన్‌లు గానీ ఇస్పేట్‌లు గానీ ఉన్నాయా?’ అని దాని అర్థం. లేకపోతే పార్ట్‌నర్ టూ డైమండ్స్ అంటారు. అందుకే నాలుగైదు పాయింట్లతో ఈ ప్రశ్న అడగవద్దు, ఆ జవాబు వస్తే నిలవడానికి చోటుండదు. కళావర్ ఒక్కటే ఉండి మిగతా మూడు రంగులూ నాలుగేసి ఉన్నప్పుడు మాత్రం అడగవచ్చు. ఏ జవాబొచ్చినా పాస్ చెప్పేయవచ్చు.

వచ్చే పాఠంలోపు ఈ చేయి ఆలోచించండి. ఇస్పేట్ 6, 3. ఆఠీన్ ఆసు, జాకీ, 10, 8, 5, 2. డైమండ్ రాజు, 7, 4. కళావర్ 9, 5. పార్ట్‌నర్ వన్ నోట్రంప్ అన్నారు. మీ మొదటి బిడ్ ఏమిటి, రెండోది ఏమిటి? పాయింట్లు 8 అని లెక్క తేల్చేసే ముందు, ఆయన చేతిలో ఆఠీన్‌లు కనీసం ఎన్ని ఉంటాయో చూసుకోండి.